పసినోళ్లలో ఎరుపు

ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలు పెళ్లిలోనో బస్టాపులోనో కనిపిస్తే నన్ను ఒకటే అడుగుతారు: "మేడమ్, మీ సర్వీసులో ఎప్పుడైనా భయపడ్డారా?" ఏ క్షయరోగి కఫం డబ్బానో ఒలికిందనో, ఏ సూదో గుచ్చుకుందనో చెబుతానని వాళ్ల ఆశ. అవన్నీ నాకూ జరిగాయి. తిట్టుకున్నాను, చేతులు కడుక్కున్నాను, మందు వేయించుకున్నాను, మధ్యాహ్నానికి పెరుగన్నం తిన్నాను. అదేం భయం? నేను నిజంగా భయపడింది ఒక సోమవారం పొద్దున, కిటికీలోంచి ఎండ పడుతుండగా, నలుగురి మధ్యలో నిలబడి. ఆ సంగతే చెబుతాను. మధ్యలో ఫోను చూసుకునేవాళ్లు ముందే లేచి పోండి, నాకేం కోపం లేదు.

మాది పాత ఉత్తర మద్రాసులో పప్పులు, ఎండుమిరపకాయలు టోకున అమ్మే కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బేరం రెండిట్లోనూ. ఆ ఇంట్లోంచి ఒక ఆడపిల్ల పిల్లల ఆసుపత్రిలో క్రిములు పెంచే ఉద్యోగానికి పోతానంటే మా పెద్దమ్మ, "ఊళ్లో ఉండే జబ్బులు చాల్లేదా, పెంచేదానికి జీతం గూడానా," అంది. చాలాకాలం నా చేతి నీళ్లు తాగలేదు. చివరికి ఆమెకే మూత్రంలో చీము పడితే, ఏ మందు పనిచేస్తుందో పరీక్ష చేసి చెప్పింది నేనే. అప్పటినుంచి కాఫీ కూడా నా చేతిదే కావాలనేది.

నేను రిటైరవడానికి కొన్నేళ్ల ముందు మా ఆసుపత్రిలో పెదవి, అంగిలి చీలికతో పుట్టిన పిల్లలకు ప్రత్యేకంగా ఒక వార్డు పెట్టారు. మనవాళ్లు గ్రహణం మొర్రి అనేది దీన్నే. చంద్రుడికీ దీనికీ ఏ సంబంధమూ లేదని గొంతు చించుకున్నా సరే, ఆ వార్డుకు వచ్చిన ప్రతి తల్లినీ ఎవరో ఒకరు "గ్రహణం నాడు కత్తి పట్టుకున్నావా" అని అడిగే ఉంటారు. అంగిట్లో పగులున్న బిడ్డ పాలు చప్పరించలేదు, తాగినవి ముక్కులోంచి వచ్చేస్తాయి. అందుకని గులాబీ రంగు ప్లాస్టిక్‌తో పల్చటి పలక చేసి అంగిలికి అమర్చి, ఉగ్గుగిన్నెతో పాలు పడతారు. పెద్దవాళ్ల కట్టుడు పళ్లకు వాడే సరుకే అది. మూడో నెల దాటి కాస్త ఒళ్లు చేశాక పెదవి కుడతారు.

కుట్టే సర్జన్ గారికి ఒక బాధ ఉండేది. కొందరు పిల్లలకు కుట్లు చీముపట్టి విడిపోయేవి. ఒకసారి విడిపోయిన పెదవిని మళ్లీ కుట్టడమంటే చిరిగిన పాత పట్టుచీరకు అతుకు వేసినట్టే. పుట్టిన నాటినుంచి ఆ నోళ్లలో ఏ క్రిములు కాపురముంటున్నాయో తెలుసుకోవాలన్నారు ఆయన. ఆ పని నా నెత్తిన పడింది. కొత్త బిడ్డ వచ్చిన రెండు మూడు రోజుల్లో వార్డుకు పోయి, దూది చుట్టిన పుల్లతో నోరు తుడిచి తేవాలి. క్రిములకు మేత పోసి ఉంచిన ప్లేటు మీద గీసి, ఒంటి వేడిలో ఉండే పెట్టెలో రాత్రంతా ఉంచి, పొద్దున ఏం పెరిగిందో చూడాలి.

తుడిచేటప్పుడు బిడ్డను పట్టుకునేది ఆ వార్డు ఆయా. మన తెలుగామే, పెద్ద వయసు, మొగుడు పోయాడు, పిల్లలు లేరు. మాట్లాడితే కట్టుడు పళ్లు టకటకమనేవి. ఎంత ఏడ్చే బిడ్డయినా ఆమె చేతుల్లోకి పోగానే ఊరుకునేది. ఒకరోజు కొత్తగా వచ్చిన బిడ్డ నోట్లోకి తొంగిచూసి నాతో అంది: "ఇది ఇంకా ఖాళీ ఇల్లు మేడమ్మా. తలుపు తీసిపెట్టిన ఇల్లు. ఎవరో ఒకరు పోయి కూచోవాల. మంచిది పోకపోతే చెడ్డది పోతాది." ఆ వారమే మా ల్యాబ్ హెడ్ విద్యార్థులకు పాఠం చెబుతూ, పుట్టిన బిడ్డ నోరు ఖాళీగా ఉంటుంది, ముందు చేరిన క్రిమిదే పెత్తనం అంది. ఇద్దరూ ఒకటే చెప్పారే అని నవ్వుకున్నాను. అప్పటికి నవ్వే వచ్చింది.

ఆ పిల్లల ప్లేట్లలో చాలావాటిమీద మీగడ చుక్కల్లా తెల్లగా, నున్నగా ఏవో పెరిగేవి. పేగుల్లో ఉండే రకాలు ఆసుపత్రి పిల్లల నోట్లో కనబడటం కొత్తేమీ కాదు. రాసుకుని, కొన్ని ప్లేట్లు ఫ్రిజ్‌లో దాచేవాళ్లం. ఒక శుక్రవారం సర్జన్ గారు ఫోటోలు కావాలంటే పాతవీ కొత్తవీ అన్నీ తీసి బల్లమీద పరిచాము. ఫోటోలు తీసేవాడు రాలేదు. సర్దాల్సిన మనిషి ఊళ్లో చావుకని పోయాడు. ప్లేట్లన్నీ అక్కడే ఉండిపోయాయి.

సోమవారం తలుపు తీస్తే అవి ఎర్రగా ఉన్నాయి.

ఎర్రగా అంటే, నీళ్లలో కలిపిన కుంకుమను గీతలుగా గీసినట్టు. అదే బల్లమీద వేరే రోగుల మూత్రానివి, చీమువి, గొంతువి కూడా ఉన్నాయి. వాటిల్లో ఒక్కటీ రంగు మారలేదు. మారినవన్నీ మొర్రి పిల్లల నోటివే. అందులో ఒకటి మనలిలో ఫ్యాక్టరీ కూలి బిడ్డది, ఒకటి కోడంబాక్కంలో సినిమా లైట్లు మోసే అతని బిడ్డది, ఒకటి కడలూరు నుంచి వచ్చినవాళ్లది. ఒకరు ఇంటికి పోయాక ఒకరు వచ్చినవాళ్లు. ఒకరి మొహం ఒకరు ఎరగరు. అయినా ఒకే తల్లి బిడ్డల్లాగా అన్నీ ఒకే రంగు. మా జూనియర్ అమ్మాయి మెడలో శిలువ పట్టుకుంది. నేనేం పట్టుకోవాలో తెలియక బల్ల అంచు పట్టుకున్నాను.

మా హెడ్ తమిళావిడ, మాట తూచి మాట్లాడే మనిషి. ప్లేటు వెలుతురుకు పెట్టి చూసి, ఆ క్రిమి పేరు చెప్పింది, సెరేషియా అని. "ఒంటి వేడిలో ఇది తెల్లగా ఉంటుంది. ఫ్రిజ్‌లో మరీ చలికి నిద్రపోతుంది. బయట గది గాలికి చల్లబడితే రంగు చూపిస్తుంది. పుస్తకంలో చదివాను, ఇంత బాగా ఎప్పుడూ చూడలేదు," అంది. కారణం తెలిస్తే భయం పోవాలి కదా. నాకు పోలేదు, పైగా ఎక్కువైంది. ఒంటి వేడిలో తెల్లగా ఉంటుందంటే, ఆ పిల్లల నోళ్లలో అది ఎవరికీ కనబడకుండా కూర్చుని ఉందన్నమాట. బయటికి తీసి చల్లారబెడితేనే దాని ముఖం కనిపిస్తుంది. వార్డులో రేపు పాలు తాగబోయే బిడ్డ నోరు చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఎక్కడినుంచి వస్తోందని వెతకడం మొదలుపెట్టాం. ప్లేట్లలో పోసే పదార్థం చూశాం, దూది చూశాం, ఉగ్గుగిన్నెలు మరిగించే నీళ్లు చూశాం. ఏమీ లేదు. అందరి కళ్లూ అంగిలి పలకలు చేసే అతని మీద పడ్డాయి. దంత విభాగంలో ఒక మూల గదిలో, సుద్దపొడి మధ్య కూర్చుని పలకలు, పళ్ల సెట్లు రుద్దే మనిషి. ఆయన గదిలో కుళాయి, బ్రష్షు, చివరికి టీ గ్లాసు కూడా తుడిచి తెచ్చాం. "ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్టుంది మీ యవ్వారం," అని ఆయన మామీద ఎగిరాడు. ఆయనా మన తెలుగాయనే, అందుకే అంత చొరవ. ఆయన గదిలోనూ ఏమీ దొరకలేదు. ఆ తర్వాత ఒక బిడ్డకు పలక పెట్టకముందే నోరు తుడిస్తే అందులోనూ ఎరుపే వచ్చింది. ఇక పలకల మీద నింద ఎట్లా వేస్తాం? ఆయన మా అందరి చేతా వడలు తెప్పించుకుని తిని గానీ ఊరుకోలేదు.

పలక లేకుండానే ఎరుపు వచ్చిన ఆ బిడ్డ గురించే ఇదంతా చెబుతున్నది.

ఆడపిల్ల. ఎన్నూరు వైపు చేపలు పట్టేవాళ్ల ఇంటి బిడ్డ. తల్లికి ఇరవై దాటి ఉండవు. నేను ఫోనులో తెలుగు మాట్లాడుతుంటే విని నా కొంగు పట్టుకుంది.

"అక్కా, మీరు తెలుగాళ్లా? ఈడ నా మాట వినేవాళ్లు ఒక్కరు గూడా లేరు. ఇది చూడండి." తలగడ కింద నుంచి ఒక గుడ్డ తీసింది. "నిన్న బిడ్డ నోరు తుడిచిన గుడ్డ. తుడిచినప్పుడు తెల్లగానే గదా ఉండింది. పొద్దన చూస్తే ఇట్లుండాది."

గుడ్డమీద గులాబీరంగు మరకలున్నాయి.

"మా అత్త చూసి, బిడ్డ రక్తం తాగతా ఉంది అనింది. ఆడనుంచి బిడ్డను ఎత్తుకోవడంలేదు." గొంతు బాగా తగ్గించింది. "ఇంకొకటి అక్కా. మద్యానం నేను కన్ను మూస్తే ఎవరో వస్తా ఉండారు. లేచి బిడ్డను ముద్దు పెట్టుకుంటే పెదాలు తియ్యగా ఉంటాయి. నేను చక్కెర తాకింది గూడా లేదు."

వార్డు హెడ్ నర్సుతో చెబితే, బాలింతలకు అన్నీ కలలే అని కొట్టిపారేసింది. నాకు మాత్రం ఆ తీపి మాట ఒంటిని పట్టుకుని వదల్లేదు. మరకకు కారణం నాకు తెలుసు. గుడ్డ చల్లారింది, క్రిమి రంగు చూపించింది. తీపికి కారణం తెలియదు. ఇంటికి పోతూ రైల్లో ఎదురుగా కూర్చున్న బిడ్డ నోటికేసి చూస్తూ కూర్చున్నాను. ఆ తల్లి నన్ను అనుమానంగా చూసి బిడ్డను అటు తిప్పుకుంది.

తర్వాతి రోజుకు ఎన్నూరు బిడ్డకు జ్వరం వచ్చింది. పాలు పట్టడం లేదు, ఒళ్లు వేలాడేసింది. రక్తం తీసి మాకు పంపారు. రక్తంలో పెరిగినదాన్ని ప్లేటుమీద గీసి, పెట్టెలోంచి తీశాక బల్లమీద పెట్టి చూస్తూ కూర్చున్నాం. ఎర్రబడకూడదని మొక్కుకున్నాను, అబద్ధమెందుకు. మధ్యాహ్నానికి అంచుల్లో గులాబీరంగు తిరిగింది. నోట్లో కూర్చున్నది రక్తంలోకి దిగింది. వార్డులో మామూలుగా ఇచ్చే మందులు దానికి ఆనలేదు. వేరే ఇంజెక్షన్ ఒకటి పనిచేస్తుందని ప్లేటు చెప్పింది. ప్లేటు చెబితే సరిపోదు, బిడ్డ ఒళ్లు చెప్పాలి. అది చెప్పేదాకా డాక్టర్లకైనా ఎదురుచూడటమే.

"ఆ బిడ్డను వాళ్లు చూసుకుంటారు," అంది మా హెడ్. "ఇంకో బిడ్డ నోట్లోకి పోకముందే ఇది ఎక్కడుందో మనం పట్టుకోవాలి."

వార్డులో అందరి నోళ్లూ చేతులూ తుడిచాం. నర్సులవి, డాక్టర్లవి, తల్లులవి, ఎన్నూరు అమ్మాయిది కూడా. అత్తగారు నోరు తెరవనని గొడవపెట్టి చివరికి తెరిచింది. ఆయా మాత్రం, నలుగురిలో పళ్ల సెట్టు తీయాలంటే సిగ్గు అంటే, పెద్దామె కదా అని చేతులొక్కటీ తుడిచి పంపేశారు మావాళ్లు. అన్నీ పెట్టెలో చూశాం, బల్లమీద చూశాం. ఒక్కటీ ఎర్రబడలేదు. దయ్యం పని అని జూనియర్ అమ్మాయి అంటే, ఈసారి మా హెడ్ కూడా ఆమెను కసరలేదు.

తమిళుల ఐప్పసి నెల వచ్చి వాన పట్టుకుంది. ఒక మధ్యాహ్నం భోజనం మానేసి వార్డుకు పోయాను. తీపి సంగతి నాతోనే పెట్టుకుని, ఒక మూల తెర చాటున స్టూలు వేసుకుని కూర్చున్నాను. బయట మబ్బుకు లోపల దీపాలు పెట్టాల్సినంత చీకటిగా ఉంది గానీ ఎవరూ పెట్టలేదు. అంతకుముందు రోజే వచ్చిన మగబిడ్డ ఒకడు నా ఎదుటి మంచం పక్కన ఉయ్యాల్లో ఉన్నాడు. తల్లి మందు మత్తులో నిద్రపోతోంది. నర్సు కొత్తమందులు తేవడానికి కిందికి పోయింది.

ఆయా వచ్చింది. ఉయ్యాల దగ్గర ఆగి, దేవుడి గదిలోకి పోయేటప్పటిలాగా చెప్పులు విడిచింది. బొడ్లోంచి చిన్న సీసా తీసి, వేలిమీద చుక్క పోసుకుని, ఆ వేలు తన నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుని చాలాసేపు అట్లాగే నిలబడింది. తర్వాత ఆ వేలే, తుడుచుకోకుండా, చీలిన పెదవి మధ్యలోంచి బిడ్డ నోట్లో పెట్టింది. వాడు ఏడవలేదు. ఆమె వాడి మీదికి వంగి, మనం ఇంట్లోవాళ్లతో మాట్లాడే గొంతుతో అంది:

"వచ్చినాను. కూచున్నాను. ఇంక ఎవరూ రావద్దు."

ఆ మాటలు బిడ్డతో అన్నట్టు లేదు. బిడ్డ లోపలికి పోవడానికి వాకిట్లో నిలబడి ఉన్నవాళ్లెవరితోనో అన్నట్టుంది. ఆ ఎవరో ఆ గదిలోనే ఉన్నారని, నా పక్కనే ఉన్నారని నాకు అనిపించింది. క్రిములు తప్ప మరొకటి నమ్మని మనిషిని, తెర గుడ్డ గుప్పిట్లో బిగించి పట్టుకుని కూర్చున్నాను.

ఎట్లాగో లేచి ముందుకు వచ్చాను. ఆమె ఉలిక్కిపడలేదు. నవ్వి, "మెల్లగా మేడమ్మా, నిద్రపోతా ఉండాడు," అంది.

మీకు తెలియకపోతే చెబుతాను. మా మద్రాసు ఇళ్లలో సేనై పెట్టడమని ఒక ఆచారం ఉంది. మాట తమిళానిది, మనవాళ్లూ చేస్తారు. పుట్టిన బిడ్డ నాలుకమీద ఇంట్లో పెద్దవాళ్లెవరైనా తొలి తీపి, తేనో చక్కెర నీళ్లో, పెడతారు. పెట్టినవాళ్ల గుణం బిడ్డకు వస్తుందని నమ్మకం. నాకు మా తాత పెట్టాడట. నా నోటిదురుసుకు ఈనాటికీ ఆయన్నే తిడతారు మావాళ్లు. మామూలు బిడ్డ పుడితే నేను పెడతా నేను పెడతా అని పోటీపడతారు. మొర్రితో పుడితే ఒక్కరూ ముందుకు రారు. పెట్టిన తర్వాత బిడ్డకు ఏమైనా అయితే మన తలకు చుట్టుకుంటుందని ఒకరు, ముందు బతకనీ చూద్దామని ఒకరు తప్పించుకుంటారు. ఎన్నూరు బిడ్డకు అత్తగారు ఎవరినీ పెట్టనివ్వలేదట.

"ఎవురి గుణమూ లేకుండా బిడ్డను ఎట్ల వదిలేది మేడమ్మా?" అంది ఆయా. "దీని తలుపు తీసే ఉండాది. కనపడేవోళ్లు రాకపోతే కనపడనోళ్లు వస్తారు. ఎవురూ పెట్టని బిడ్డకంతా నేనే పెడతా. ఈ వార్డు పెట్టినప్పట్నుంచి పెడతా ఉండాను."

మిగతా వార్డుల పిల్లల్లో ఆ ఎరుపు ఎందుకు లేదో అప్పుడు అర్థమైంది. వాళ్లకు పెట్టడానికి అమ్మమ్మలు, తాతలు ఉన్నారు.

పొద్దున ఆమెను ల్యాబ్‌కు తీసుకువచ్చి తలుపు వేశాం. పళ్ల సెట్టు తీయమంటే తీసింది. తీయగానే బుగ్గలు లోపలికి పోయి, నేను రోజూ చూసే మనిషి ముఖం కాక వేరే ఎవరి ముఖమో నా ఎదుట ఉంది. సెట్టు కింద అంగిలి తుడిచాను, సెట్టూ తుడిచాను. ఆ సెట్టు మా సుద్దపొడి ఆయన చేసిందే, పిల్లల పలకల సరుకుతోనే. మర్నాడు పెట్టెలోంచి ప్లేటు తీసి బల్లమీద పెట్టాను. ఆమె చూస్తానంది. పని ముగించుకుని వచ్చి బల్ల పక్కన నిలబడింది. మేమిద్దరం చూస్తుండగానే తెల్లటి గీతలు మెల్లగా గులాబీ రంగుకు తిరిగాయి, సాయంకాలానికి ఎర్రబడ్డాయి.

"ఇది నాదా?"

"నీదే."

"ఆ పిల్లోళ్ల నోట్లో ఉండేది గూడా ఇదేనా? మనలి బిడ్డ, కోడంబాక్కం బిడ్డ, అందరిలో?"

"ఇదే."

ఆమె ముఖం వెలిగిపోయింది. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, అంత సంతోషం నేను ఏ తల్లి ముఖంలోనూ చూడలేదు. బల్లమీదికి వంగి ప్లేటును తాకబోయి ఆగింది. "అయితే చేరింది," అంది మెల్లగా. "నాది పోయి చేరింది. ఇంతమందిలో నేనుండాను." ఆ క్షణం ఆమెను చూసి భయమేసింది, ఆ తర్వాత చెప్పలేనంత జాలేసింది. చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది మరి.

"ఎన్నూరు బిడ్డ జ్వరం కూడా ఇదే," అన్నాను. "నోట్లోంచి రక్తంలోకి దిగింది."

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కిందనే కూలబడింది. ఏడవలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, ఇంకేదీ బయటికి రానివ్వకూడదన్నట్టు రెండు చేతులతో అదిమిపెట్టుకుంది. తర్వాత కొంగు తీసి ఒక్క మాట అంది: "మంచిది పోవాలనే గదా అనుకున్నాను."

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? ఖాళీ నోట్లో ముందు చేరినదే పాతుకుంటుంది; మా హెడ్ చెప్పిన పాఠమూ అదే. కాకపోతే ఆమె పంపిన చుట్టమే మంచిది కాదు. నర్సు ఆమెను ఉద్యోగంలోంచి తీసేయాలంది, పోలీసులంది. మా హెడ్ ఒప్పుకోలేదు. ఇంట్లోవాళ్లు చేయని పని ఆమె చేసింది, అది ఎట్లా చేయకూడదో చెప్పాల్సింది మనం, చెప్పలేదు, అంది. ఆయాను బట్టలు ఉతికే విభాగానికి మార్చారు. సుద్దపొడి ఆయన కొత్త సెట్టు చేసిచ్చి, రోజూ ఎట్లా తోముకోవాలో తిడుతూ నేర్పాడు. ఆమె మాత్రం ఆ తర్వాత పిల్లలున్న వరండాలో నడవాల్సి వస్తే కొంగు ముక్కుదాకా కట్టుకుని, గోడ పక్కనుంచి, ఊపిరి బిగబట్టి పోయేది.

ఎన్నూరు బిడ్డకు మందు పనిచేసింది. జ్వరం దిగి, పాలు మింగడం మొదలుపెట్టిందని నర్సు ఫోను చేసి చెబితే, ల్యాబ్‌లో నలుగురికీ కాఫీ తెప్పించాను. జూనియర్ అమ్మాయి మాత్రం ఏడ్చింది.

మూడో నెల దాటాక పెదవి కుట్టించుకోవడానికి మళ్లీ వచ్చారు. బిడ్డ బొద్దుగా అయింది. ముందుగా నోరు తుడిచి చూశాం. పెట్టెలోంచి తెల్లగా వచ్చింది. బల్లమీద పెట్టాక ఆ తెల్లటి గుంపుల మధ్య ఒకే ఒక్క ఎర్ర చుక్క లేచింది. ఆయాది ఇంకా అక్కడే ఉంది, ఒక మూల, చప్పుడు లేకుండా. ఇప్పుడు అది పదిమందిలో ఒకటి, దానివల్ల ఏమీ కాదు, రేపు నిశ్చింతగా కుట్టవచ్చు అన్నారు డాక్టర్లు. ఆ మాట అత్తగారి చెవిన పడింది.

"ఆ ముసిల్ది ఇంకా బిడ్డ నోట్లోనే కూచోనుండాదంట గదా," అని మా హెడ్‌ను పట్టుకుంది. "మళ్లీ సేనై పెట్టి దాన్ని తరమాల. మీరే పెట్టండి డాక్టరమ్మా, సదువుకున్నోళ్లు."

తేనె లేదు, చక్కెర లేదు, ఎవరి వేలూ లేదు, తల్లిపాలు తప్ప ఆ నోట్లో ఏదీ పోకూడదు అని మా హెడ్ తేల్చి చెప్పి పోయింది. అత్తగారు నావైపు తిరిగింది.

"అయితే తల్లే పెట్టొచ్చు," అన్నాను. "తన పాలే ఒక చుక్క."

"బాగుండాది. దీని గుణమా? దీని కడుపులో పడబట్టేగదా బిడ్డ ఇట్ల పుట్టింది."

ఆ పిల్ల అప్పటిదాకా తలొంచుకుని బిడ్డ కాళ్లు సవరిస్తోంది. తలెత్తి నన్ను అడిగింది: "అక్కా, నా గుణమొస్తే బిడ్డకి చెడ్డదా?"

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, ఆమెకు ఆ ప్రశ్న నేర్పిన అందరి మీదా. "ఆ రోజు అందరితోపాటు నీ నోరూ తుడిచింది నేనే," అన్నాను అత్తగారికి వినబడేట్టుగా. "పెట్టెలో చూశాను, బల్లమీదా చూశాను. నీలో ఏ దోషమూ లేదు. క్రిముల సంగతి ఒక్కటే కాదు నేను చెప్పేది. ఈ పెదవి గ్రహణం వల్ల చీలలేదు, నీవల్ల చీలలేదు. సబ్బుతో చేతులు కడుక్కుని రా పో."

కడుక్కుని వచ్చింది. చేతులు ఆరేదాకా గాలిలో పట్టుకుని నిలబడింది. ఒక చుక్క పాలు వేలిమీదికి తీసుకుని బిడ్డ నాలుకమీద పెట్టింది. బిడ్డ వేలి చుట్టూ నాలుక తిప్పింది. అత్తగారు ముఖం తిప్పుకుని కిటికీ దగ్గరికి పోయింది. ఆ పిల్ల అటు చూడలేదు, వేలు తీయలేదు.

"నా మాదిరే ఉండు," అంది బిడ్డతో. "ఏం పర్వాలేదు."